షిఫ్ట్‌కు పోయిన పాటలు

నస్పూర్ బొగ్గుగని క్వార్టర్లలో పెరిగిన దోస్తులారా, గని సైరన్ విని గడియారం సరిచేసుకున్న రోజులు గుర్తున్నాయా? పొద్దున్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

మా పాత క్యాసెట్లన్నీ ఎప్పుడో కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఇవాళ పాటల ప్లేయర్ తెరిస్తే ప్రతి పాట పక్కనా ‘ఫైలు లేదు’ అనే గుర్తే. గని నుంచి రిటైరై, కరీంనగర్‌లో మాతోనే ఉంటున్న నాన్న, మా బాపు, ఈమధ్యే మౌస్ పట్టడం నేర్చుకున్నాడు. అనుమానమొచ్చి అడిగాను.

“బాపూ, పాటలన్నీ ఏడ వోయినయ్?”

“ఏడికి పోతయ్ బిడ్డా. షిఫ్టుల వారీగ సర్దిన.”

నిజంగానే మూడు కొత్త ఫోల్డర్లున్నాయి: ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్. మా చెక్కపెట్టెలో క్యాసెట్లు కూడా అచ్చం ఇలాగే ఉండేవి. అమ్మను అవ్వ అనేవాళ్లం; ఆమె పొద్దున టిఫిన్ డబ్బా కడుతుంటే హుషారు పాటలు. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన బాపు పడుకుంటే మెల్లటి పాటలు, అవి కూడా టేప్‌రికార్డర్ మీద తువ్వాల కప్పి వినాలి. ఎన్నిసార్లు ఉతికినా ఆ తువ్వాలకు బొగ్గు వాసన పోయేది కాదు.

ప్లేయర్‌కు ఒక్కో కొత్త ఫోల్డర్ చూపిస్తుంటే గుర్తులు మాయమై పాటలు తిరిగొచ్చాయి. ఒక్కటి మాత్రం దొరకలేదు. అప్పుడు కనబడింది నాలుగో ఫోల్డర్, ‘ప్లే డే’. గని సెలవును మనం అలాగే అనేవాళ్లం కదా. లోపల ఒకే ఫైలు. నొక్కాను.

పాత రికార్డింగులో ఐదేళ్ల నేను, రాగం తప్పి పాడుతున్నాను. బాపు నిద్ర చెడుతుందనుకున్నానేమో, మధ్యలో ఆగిపోయాను. ఆ టేపులోనే, వెనక నుంచి బాపు గొంతు:

“ఆపకు బిడ్డా, ఇయ్యాల డ్యూటీ లేదు.”