మ్యూచువల్ మీద వచ్చిన సోరా

నువ్వులు వేగే వాసన వస్తే నాకు సోరా గుర్తొస్తుంది. ఈ ఉదయం చిమ్మిలి కోసం మూకుడు పొయ్యి మీద పెట్టాను. నాలుగు గింజలు చిటపటమన్నాయో లేదో, ఆ పిల్ల వెనకే నిలబడి ముక్కు ఎగబీలుస్తున్నట్టనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మా ఇంటికి వచ్చిన మర్నాడు ఇదే వాసనకి ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావే అంటే చేతిలో ఫోన్ ఎత్తి దానికి తన భాషలో ఏదో చెప్పింది. “ఈ సుగంధము నా తల్లి గృహమునకు చెందినది” అంది ఫోను. ఆ ఫోను తెలుగు మాట్లాడితే పురాణం చెప్పే పంతులు మాట్లాడినట్టే ఉండేది. కొరియాలో కూడా నువ్వులు వేపుకుంటారని నాకేం తెలుసు?

ఆ పిల్లని నా ఇంట్లో పెట్టింది లావణ్య. మా ఖర్గపూర్ గోల్ బజార్లో బట్టల కొట్టువాళ్ల అమ్మాయి, కలకత్తాలో చదువుకుంది. ఏ బొమ్మ ఏ గోడ మీద ఉండాలో చెప్పడం దాని పని, క్యూరేటర్ అంటారట. మేకు కొట్టేవాడికి ఆ మాత్రం తెలీదా అంటే మూతి ముడుచుకుంది. కంప్యూటర్‌తో బొమ్మలు చేసేవాళ్లు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వచ్చి కొన్నాళ్లుండి పని చేసుకుంటారనీ, వాళ్లు ఇక్కడికి వస్తే ఇక్కడి మనిషి అక్కడికి వెళ్తారనీ, దాన్ని ఎక్స్ఛేంజ్ రెసిడెన్సీ అంటారనీ చెప్పింది. నిమ్‌పురాలో నా ముందుగది ఖాళీగా ఉంది కదా, ఇమ్మంది.

“అయితే మ్యూచువలా?” అన్నాను.

“అలాంటిదే పెద్దమ్మా” అంది.

ఆ ఒక్క మాట చాలింది నాకు. మేం ఈ ఊరు వచ్చిందే మ్యూచువల్ మీద. ఇక్కడి రైల్వే కారఖానాలో పనిచేసే ఒకతనికి వాల్తేరు కావాలి, వాల్తేరులో ఉన్న మా ఆయనకి ఖర్గపూర్ కావాలి. ఇద్దరూ పోస్టులు మార్చుకున్నారు, క్వార్టర్లూ మార్చుకున్నారు. అతని భార్య నా వంటింట్లోకి వెళ్లింది, నేను ఆవిడ వంటింట్లోకి వచ్చాను. ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. నా రుబ్బురోలు ఆవిడకి మిగిలింది, ఆవిడ గోడలకి పట్టిన ఆవనూనె వాసన నాకు మిగిలింది. కాబట్టి సోరా నా ఇంటికి వచ్చిందంటే సోరా ఇంటికి వెళ్లాల్సింది నేనే. ఇందులో అనుమానమేముంది? మా ఆయన బదిలీ వెనక సామానుతో పాటు రావడమే తప్ప నా అంతట నేను ఎక్కడికీ వెళ్లలేదు. ఈసారి బదిలీ నా పేరు మీద. స్వెట్టర్ కొనుక్కున్నాను. వీధంతా చెప్పుకున్నాను.

సోరా పని ఏమిటో మాత్రం నాకు అంతుపట్టలేదు. మైకులో మాట చెబితే ఆ మాట అక్షరాలై గోడ మీద వెలుగుతుంది. ఒకరోజు గోడ మీద అక్షరం చూపించి “పెద్దమ్మా, ఇదేటి?” అంది. అప్పటికి ‘ఏటి’ నేర్చేసింది. నాకు చదువు రాదని చెప్పాను. ఎగతాళి చేస్తున్నాననుకుంది. తెలుగు మాట్లాడే మనిషికి తెలుగు అక్షరం తెలియకపోవడం ఏమిటో దానికి బోధపడలేదు. అది అలా ఆశ్చర్యపోయేదాకా నాకూ అది వింతగా తోచలేదు. ఆ సాయంత్రం నుంచి లావణ్య ఇద్దరికీ కలిపి అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. నేను ‘క’ అంటే నా గోడ మీద ‘క’ లేచేది. పిలిస్తే పలికే పిల్లిలా వచ్చేది.

“చేప అను పెద్దమ్మా. సేప కాదు.”

“నానన్నదీ అదేనే. సేప.”

గోడ మీద ‘సేప’ అనే పడింది. లావణ్య చెరిపేయబోతే సోరా దాని చెయ్యి పట్టుకుంది. గోడ విన్నది పెద్దమ్మ మాట కదా, నీ మాట ఎందుకు రాయాలి అందట. ఏది ఒప్పో ఆ ఇద్దరూ చాలాసేపు ఇంగ్లీషులో తగువాడుకున్నారు. నాకు తేల్చి చెప్పినవాళ్లు లేరు. ఈ వయసులో వచ్చిన అక్షరాలు అలా వచ్చాయి. కొన్నాళ్లకి గుమ్మం మీద మా ఆయన రాయించుకున్న పేరు చదివాను. ఇన్నేళ్లూ దాని కింద నుంచే నడిచాను.

సోరా వెళ్లే రోజు దగ్గరపడింది. నా ప్రయాణం మాట ఎవరూ ఎత్తరు. “కొరియా బండి ఎంత లేటు వదినా?” అని ఎదురింటి అప్పలనర్సమ్మ రోజూ పలకరిస్తోంది. లావణ్యని నిలదీశాను.

“నా రిలీవింగు ఎప్పుడే?”

అది నవ్వబోయి, నా మొహం చూసి మానేసింది. “ఆ మార్పిడి మాలాంటి వాళ్లకి పెద్దమ్మా. ఇక్కణ్ణుంచి వెళ్లేది నేను.”

“మరి ఆ పిల్ల తొంగున్నది ఎవులింట్లోనే? నీ ఇంట్లోనా, నా ఇంట్లోనా?”

సోరా ఏమిటేమిటని అడిగితే లావణ్య అంతా చెప్పింది. సోరా నవ్వలేదు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. మర్నాడు మైకు నా ముందు పెట్టి, అ నుంచి ఱ దాకా, సేపతో సహా, అన్నీ చెప్పించుకుంది. ఎందుకే అంటే, “మీరును విచ్చేయుదురు” అంది ఫోను. మనిషికి టికెట్టు లేదు, గొంతుని మాత్రం లగేజీలో బుక్ చేసినట్టుంది. నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. వెళ్లేటప్పుడు నువ్వులు పొట్లం కట్టి దాని సంచిలో పెట్టాను. స్వెట్టర్ పెట్టెలో దాచేశాను.

తరవాత లావణ్య కొరియా వెళ్లింది. ఓ రోజు నేను పొయ్యి దగ్గర నువ్వులు వేపుతుంటే వీడియోలో పిలిచింది. చీకటి గది. జనం నేల మీద కూర్చుని గోడకేసి చూస్తున్నారు. లోపల వినిపిస్తున్నది నా గొంతు. ఒక్కొక్క అక్షరమే వెలుగుతోంది. తెలుగు ముక్క రాని ఆ జనం ముందు ‘సేప’ గోడంత పొడుగున లేచింది. అప్పుడు సోరా ఎదటికొచ్చి, పక్కన పంతులు ఫోను లేకుండా, తన నోటితోనే అంది.

“పెద్దమ్మా, ఒచ్చినావు.”

“నానక్కడికి ఒచ్చేస్తే ఇక్కడ నువ్వులెవులు ఏపుతున్నారే?” అన్నాను.

ఇద్దరూ పకపకా నవ్వారు. నేను నవ్వలేదు, నిజంగానే అడిగాను. అప్పలనర్సమ్మ వెళ్లొచ్చావా అని అడిగితే వెళ్లాననీ చెప్పలేను, వెళ్లలేదనీ చెప్పలేను. వాల్తేరులో నా రుబ్బురోలు దగ్గర కూర్చున్న ఆవిడకి కూడా, ఎప్పుడైనా ఇలాగే, తను ఎక్కడుందో తెలియకుండా పోయిందేమో.

ముందుగది ఖాళీ. ఉత్తరం ముక్క రాయాలన్నా నా చెయ్యి ముందు ‘సే’ దగ్గరికే పోతుంది. ఈ ఉదయం మూకుడు దించి, ఆ గదిలోకి వెళ్లి, గోడ వైపు తిరిగి ‘అ’ అన్నాను. అప్పుడప్పుడూ అంటూంటాను. ఇక్కడ ఏమీ వెలగదు. అక్కడ వెలుగుతుందేమో.