బోడికొండ దారిలో తుమ్మ కంప

2024 ఫిబ్రవరి నెలాఖరు. అనంతపురం జిల్లా రెండుగా చీలి రెండేళ్లు కావస్తున్నా, హిందూపురం ఆఫీసులో కూర్చున్న నాకు చుట్టుపక్కల జరిగేదంతా అనంతపురం వార్తే. వానలు మొహం చాటేసిన ఏడాది అది. వేరుశనగ చేనులోనే ఎండిపోయింది. చెరువుల్లో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు.

ఒక ఆదివారం పొద్దున చిలమత్తూరు నుంచి మా కంట్రిబ్యూటర్ చంద్ర ఫోన్ చేశాడు. కంట్రిబ్యూటర్ అంటే మండలంలో ఉంటూ వార్తలు పంపే మనిషి. ఏం జరిగినా మొదట తెలిసేది అతనికే, మొదట తిట్లు పడేదీ అతనికే.

"అన్నా, బోడికొండ కాడ గొడవ. బెంగళూరు పిల్లోళ్ల తాళ్లన్నీ గుంజుకొని కూచున్నారు."

"ఎవరు? క్వారీ వాళ్లా?"

"కాదన్నా, ఊరోళ్లే."

"ఏ ఊరోళ్లు?"

"ఆ ఊరోళ్లేన్నా! పోయిన వారం మజ్జిగ పోసినోళ్లే."

నాకేమీ అర్థం కాలేదు. సరిగ్గా వారం కిందట ఆ కొండ మీదే నేను స్టోరీ రాశాను. బోడికొండ ఏకరాయిలా కనిపించే నల్లరాతి కొండ. దాన్ని గ్రానైట్ క్వారీకి ఇవ్వాలని దరఖాస్తు పడింది. పబ్లిక్ హియరింగ్, అంటే ఊరివాళ్లను కూర్చోబెట్టి అభిప్రాయం అడిగే సభ, జరగాల్సి ఉంది. ఆ కొండను తాళ్లతో ఎక్కే అలవాటున్న బెంగళూరు కుర్రకారు కొందరు అక్కడికి వచ్చి, నిట్టనిలువు రాతి మీద 'కొండను కొయ్యొద్దు' అని రాసిన పెద్ద గుడ్డ వేలాడదీశారు. కింద ఊరి గొర్రెలకాపరులు చప్పట్లు కొట్టారు, మజ్జిగ పోశారు. ఫోటోలో అందరూ నవ్వుతూనే ఉన్నారు. వారంలో ఇది ఎలా తిరగబడింది?

వెళ్లేసరికి ఊరి మొదట్లో గొర్రెల దొడ్డి ముందు చిన్న గుంపు. మధ్యలో ఎర్రవి, నీలివి తాళ్లు కుప్పగా పడి ఉన్నాయి. ఆ కుప్ప మీద ముత్యాలప్ప కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఆ ఊరి గొర్రెలవాళ్లకు పెద్ద. ఆ ఆదివారం మళ్లీ కొండెక్కడానికి వచ్చిన బెంగళూరు కుర్రాడొకడు అతన్ని బతిమాలుతున్నాడు.

"తాతా, దానిమీద కూర్చోకండి ప్లీజ్. తాడు పాడైపోతుంది."

"కూచుంటేనే పాడయ్యే తాడు పట్టుకొని కొండ యాడ ఎక్కుతారబ్బా?" అన్నాడు ముత్యాలప్ప. గుంపు ఘొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు.

నేను పలకరించాను. "ఏం ముత్యాలప్పా, పోయిన వారం నువ్వే కదా వీళ్లకు మజ్జిగ పోసింది?"

"నేను యాడ పోసినాను సారూ, నేను ఊర్లోనే లేను. బిడ్డ ఇంటికి ముదిగుబ్బ పోయింటి. వీళ్లు పోసినారు, బుద్ధిలేనోళ్లు. నిన్న వచ్చి చూస్తే ఏముంది? నీళ్లు దొంగిలించినారు."

"నీళ్లా?"

"కొండమీది దొనలో నీళ్లు. క్వారీవోళ్ల మనుషులు వీళ్లు. రాతికి బెజ్జాలు కొట్టినారు, పో, చూడుపో."

దొన అంటే రాతి మీద సహజంగా ఏర్పడిన గుంట. వాననీరు అందులో నిలుస్తుంది. ఈ కొండ మీది దొన పెద్దది. చెరువు ఎండినా అందులో నీళ్లుంటాయి.

కొండెక్కే బృందానికి పెద్ద నిఖిత. ముప్పై లోపు అమ్మాయి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మగారిది హిందూపురం కాబట్టి తెలుగు బాగానే మాట్లాడుతుంది. ఆమె కళ్లలో కోపం కంటే అయోమయం ఎక్కువ కనిపించింది.

"అన్నా, మేము తాగే నీళ్లు కూడా బెంగళూరు నుంచే తెచ్చుకుంటాం. ఆ దొన దగ్గర చెయ్యి కూడా కడుక్కోలేదు. ఎవరో వీళ్లకు ఎక్కించినారు. క్వారీవాళ్లే అయ్యుంటారు."

"మరి ఆ బెజ్జాలు?"

"అవి బోల్టులన్నా. తాడు తగిలించుకునే ఇనుప మేకులు. వేలంత బెజ్జం."

క్వారీ తరఫున ఊళ్లల్లో తిరిగే మధ్యవర్తికి కూడా ఫోన్ చేశాను. మా వృత్తిలో దీన్ని వెర్షన్ తీసుకోవడం అంటారు. గొడవలో ఉన్న ప్రతి పక్షం మాటా వార్తలో ఉండాలి. ఆయన ఎంతో తీరికగా, "మేం ఎవురికీ ఏమీ చెప్పలేదప్పా. ఆ కొండ ఎక్కి నెల దాటింది. నీళ్లు లేకుంటే చెప్పమను, ట్యాంకర్ పంపిస్తాం" అన్నాడు.

మూడు వెర్షన్లు చేతిలో ఉన్నాయి. ఒకదానితో ఒకటి అతకవు. ఎవరూ అబద్ధం చెబుతున్నట్టు కూడా అనిపించలేదు. అదే నన్ను ఎక్కువ తికమక పెట్టింది. అబద్ధమైతే ఎక్కడో ఒక దగ్గర దొరికిపోతుంది.

"పైకి పోయి చూద్దాం, ఇద్దరూ రండి" అన్నాను. ముత్యాలప్ప తాళ్ల కుప్ప మీద తన మనవడి వరసవాణ్ణి కూర్చోబెట్టి, "లేసినావంటే కాళ్లు ఇరగ్గొడతా" అని చెప్పి కదిలాడు.

దారి శుభ్రంగా ఉంది. అంత శుభ్రమైన కొండదారి నేను మన ప్రాంతంలో చూడలేదు. బీడీ ముక్క, గుట్కా పొట్లం ఏదీ లేదు. ఆ మాటే అన్నాను. నిఖిత ముఖం ఆ పూట మొదటిసారి వెలిగింది.

"గుడ్డ కట్టిన రోజే అంతా ఏరేసినామన్నా. యాడికి పోయినా మొదట అదే చేస్తాం. బస్తాలకు బస్తాలు ప్లాస్టిక్. ఈ మలుపులో అయితే దారికి అడ్డంగా ఇంత తుమ్మ కంప పడేసినారు. క్వారీవాళ్లే, జనం పైకి పోకూడదని. అది కూడా లాగి లోయలో పడేసినాం."

ముత్యాలప్ప ఆగిపోయాడు.

"కంప నువ్వు తీసినావా?"

"అవును తాతా. చేతులన్నీ గీసుకుపోయినాయి."

ఆయన అక్కడే రాతి మీద కూలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి, "సారూ, ఆ కంప ఏసింది నేను" అన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. చెరువు అడుగంటగానే గొర్రెలవాళ్ల పెద్ద ఆ మలుపులో తుమ్మ కంప అడ్డం వేస్తాడు. అప్పటినుంచి ఉగాది దాకా ఎవరూ మందను పైకి తోలరు. కింద బోరు తొట్టితో నెట్టుకొస్తారు. అది కూడా చాలని ఎండల్లో పెద్ద వచ్చి కంప తీస్తాడు. కంప ఉంటే దొన మూసినట్టు, లేకుంటే తెరిచినట్టు. అందుకు బోర్డు లేదు, చాటింపు లేదు. ఆ ఊరికే కాదు, చుట్టుపక్కల పల్లెలకూ, అటువైపు కర్ణాటక మందలకూ అదే లెక్క.

నిఖిత వాళ్లు కంప తీసేసరికి ముత్యాలప్ప ముదిగుబ్బలో ఉన్నాడు. ఊరికి పోతూ పోతూ ఈయనే తెరిచాడనుకున్నారు అందరూ. ఎవరి మందను వాళ్లు తోలారు. ఎవరికి వాళ్లు, మావి నాలుగు గుక్కలు తాగాయంతే అనుకున్నారు. నిన్న ఈయన వచ్చి అడిగితే, "నువ్వే కదా తీసినావు" అని ఈయన మీదికే లేచారు. తను తీయలేదు, ఊళ్లో ఎవరూ తీయలేదు. రాతికి కొత్త బెజ్జాలు కనబడ్డాయి. ఇంకెవరు? క్వారీవాళ్లే ఈ తాళ్లవాళ్లను పంపి నీళ్లు తోడేశారు, గొర్రెలు అల్లాడితే ఊరంతా ట్యాంకర్ కోసం క్వారీకి తలూపుతుంది అని ఆయన లెక్క.

పైకి వెళ్లాం. దొనలో బురద, బురద నిండా డెక్కల గుర్తులు. మధ్యలో ఒక మోస్తరు పళ్లెమంత నీళ్లు.

నిఖిత అంచున కూర్చుండిపోయింది. "మేమే క్వారీకి పని చేసిపెట్టినాం అన్నా" అంది నెమ్మదిగా.

ఆ తర్వాత ఆమె చెప్పిన సంగతి నన్ను ఇంకో తికమకలోకి తోసింది. పడమటి వైపు నిలువు రాతిలో, బయటికి పొడుచుకొచ్చిన బండ కింద, ఇంకో దొన ఉందట. కింద నుంచీ కనబడదు, పైనుంచీ కనబడదు. తాడు మీద వేలాడితేనే కనిపిస్తుంది. నిండా నీళ్లున్నాయి.

"మా నాయన చెప్పేటోడు," అన్నాడు ముత్యాలప్ప, "ఆ పక్క నుంచి కోతులు తడిసి వస్తాయిరా, ఆడ యాడో నీళ్లుండాయి అని. ఎవురూ చూసింది లేదు. నువ్వు చూసినావా పాపా?"

"చూసినా. కానీ తాతా, అది పిట్టల నీళ్లు."

వాళ్ల ఉద్యమమంతా ఆ దొన మీదే నిలబడి ఉంది. ఇలాంటి రాతికొండల్లో తప్ప బతకని పసుపు గొంతు పిగిలిపిట్ట అక్కడ నీళ్లు తాగుతుంది. ఆ పక్క పొదల్లోనే గూడు. దాన్ని వీడియో తీసి, కొండను కొయ్యకూడదనడానికి సాక్ష్యంగా పబ్లిక్ హియరింగ్‌లో చూపించాలని పెట్టుకున్నారు. ఆ నీళ్లను ముట్టుకోకూడదని బృందమంతా మాట అనుకున్నారు.

"పిట్ట ఎంత తాగుతాది తల్లీ?"

"తాగడం కాదు తాతా. మనుషులు అక్కడికి పోయి పైపులు కడితే అది గూడు వదిలిపెట్టి పోతాది."

"గొర్రెలు లేకుంటే మేమూ గూడు వదలాల్సిందే కదా. బెంగళూరుకే వస్తాం, మీ అపార్ట్‌మెంటు కాడికి, వాచ్‌మన్ పనికి."

ఇద్దరూ నా వైపు చూశారు, విలేకరి కాబట్టి ఏదో తెలిసి ఉంటుందన్నట్టు. నేను పెన్ను మూత పెట్టుకున్నాను.

ఆమె ఫోన్ తీసి తన వాళ్లతో మాట్లాడింది. సగం కన్నడం, సగం ఇంగ్లిషు. ఆ దొన నీళ్లు ముట్టుకోవద్దని అవతల ఎవరో గట్టిగా అంటున్నారు. చివరికి ఫోన్ జేబులో పెట్టి, కిందికి దిగి, లోయలో పడేసిన తుమ్మ కంపను తనే ఈడ్చుకొచ్చి మలుపులో అడ్డం వేసింది. ముత్యాలప్ప చూస్తూ నిలబడ్డాడు.

"అట్ల కాదు. మొదలు కొండ పక్కకు, కొన ఊరి పక్కకు ఉండల్ల. ఎదురుగా వచ్చేటోడికి ముల్లు కనబడల్ల."

ఆమె తిప్పి వేసింది. అప్పుడు ఆయన దొడ్డి వైపు అరిచాడు. "రేయ్, ఆ తాళ్ల మీదనుంచి లెయ్ రా!"

పడమటి దొన నీళ్లు కిందికి దింపే పైపు కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. ఆ ఊళ్లో ఎండిపోయిన చీనీ, అంటే బత్తాయి, తోటలున్నాయి. చెట్లు పోయినా డ్రిప్ పైపుల చుట్టలు మిగిలాయి. వాటిని ఒకదానికొకటి తొడిగారు. నిఖిత, ఇంకో అబ్బాయి తాళ్ల మీద బండ కిందికి దిగారు. సైఫన్ అంటే మోటారు లేకుండా నీళ్లు లాగే పద్ధతి. పైపు నిండా నీళ్లు నింపి, ఒక కొన దొనలో ముంచి, రెండోది కిందికి వదిలితే చాలు. పై కొనలోకి గాలి దూరేదాకా నీళ్లు వాటంతటవే దిగుతాయి.

అయితే ఆమె పై కొనను దొన అడుగుకు దించలేదు. రాయికి కట్టి, సగం లోతులో ఆపింది. నీళ్లు సగానికి తగ్గగానే పైపు మూతి బయటపడుతుంది, ధార ఆగిపోతుంది. మళ్లీ పారించాలంటే మనిషి తాడు మీద దిగి రావాల్సిందే.

కింద తొట్టిలో సన్నటి ధార పడింది. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. కిందికి దిగొచ్చిన నిఖితను ముత్యాలప్ప మెచ్చుకోలేదు.

"ఇంకొంచెం లోపలికి దించలేకపోయినావా?"

"లేదు తాతా. అంతే."

"జానెడు?"

"లేదు తాతా."

"గట్టిదానివే" అని, ఇంట్లోకి కేకేసి మజ్జిగ తెప్పించాడు.

సాయంత్రం డెస్క్ నుంచి ఫోన్. డెస్క్ అంటే మేం పంపిన వార్తలను దిద్ది పేజీలో పెట్టే వాళ్లు. "లైన్ చెప్పన్నా. ఊరివాళ్లు పర్యావరణవాదులను అడ్డుకున్నారా? పర్యావరణవాదులు ఊరివాళ్ల నీళ్లు పోగొట్టారా?" రెండూ నిజమే, రెండూ కాదు అన్నాను. "అది హెడ్డింగ్‌కు పనికిరాదన్నా" అన్నాడు కుర్రాడు, పాపం మర్యాదగానే. లోపలి పేజీలో సింగిల్ కాలమ్ వచ్చింది: 'బోడికొండ దొనకు మళ్లీ కంప'. దాన్ని ఎవరైనా చదివారో లేదో నాకు తెలియదు.

మార్చిలో ఎన్నికల కోడ్ వచ్చింది, పబ్లిక్ హియరింగ్ వాయిదా పడింది. ఉగాది దాటాక ఫాలో-అప్ కోసం మళ్లీ వెళ్లాను. తొట్టి పొడిగా ఉంది. దొన సగమైంది, పైపు ఆగిపోయింది. ఊరి మధ్యలో క్వారీవాళ్లు పంపిన నీళ్ల ట్యాంకర్ నిలబడి ఉంది. దాని చుట్టూ గొర్రెలున్నాయి, ముత్యాలప్పవి కూడా.

"ఏమప్పా, ఇదేంది?" అన్నాను, ఆయన మాటలోనే.

"గొర్రెలు తాగుతాండాయి సారూ. నేను తాగలేదు. క్వారీకి మాటా ఇయ్యలేదు."

"వాళ్లు ఇచ్చినావనే అనుకుంటారు కదా?"

"అనుకోనీ. కంప లేకుంటే నేనే తెరిచినాననుకోలేదా జనం?"

"ఆ పాపను పిలిచి, పైపు ఇంకాస్త దించమని అడగకపోయినావా?"

ఆయన పడమటి రాతి వైపు తల ఎత్తి చూశాడు. అక్కడ కంటికి ఏమీ కనబడదు.

"పిలిస్తే వస్తాది. దించదు. ఇంగ ఏటికి పిలిచేది?" అన్నాడు. "సగం నీళ్లు ఆడ ఉండాయి. ఎవురికీ అందవు. అయినా ఉండాయని తెలుసు గదా, దానికే కొంచెం ధైర్యంగా ఉండాది" అన్నాడు.

నిఖితకు ఫోన్ చేస్తే, పైపు కట్టిన తర్వాత కొన్నాళ్లు పిట్ట కనబడలేదనీ, ఈ మధ్య మళ్లీ అరుపు వినిపించిందనీ, అది ఆ పిట్టేనో ఇంకొకటో చెప్పలేననీ అంది. బృందంలో ఇద్దరు ఆమెతో మాట్లాడటం మానేశారట. హియరింగ్ ఎన్నికల తర్వాత జరుగుతుందన్నారు, ఇప్పటిదాకా నాకు కబురు లేదు. కొండ అలాగే ఉంది. ఎవరివల్ల ఉందో, ఎన్నాళ్లు ఉంటుందో రాయమంటే నేను రాయలేను.

ఈ ఉద్యోగంలో ఏ గొడవకు పోయినా మొదట అడిగే ప్రశ్న, ఎవరు ఎవరి వైపు అని. బోడికొండ తర్వాత ఆ ప్రశ్నను కాస్త వెనక్కి జరిపాను. కొత్త ఊరికి పోతే ముందు దారి చూస్తాను. మధ్యలో ఏదైనా అడ్డంగా పడి ఉంటే, చెత్తలా కనిపించినా సరే, దాని పక్కనుంచి పోతాను. చంద్ర నన్ను చూసి నవ్వుతాడు. "అది ఊరికే గాలికి పడిందన్నా" అంటాడు.

అయ్యుండొచ్చు. నేను మాత్రం ముల్లు ఎటువైపు తిరిగి ఉందో చూసి పోతాను.