ఫ్రిజ్జుకు తాళం వేసిన మామ

మా మేనమామది బళ్లారి పక్కన కుడతిని. కరెంటు కర్మాగారం నుంచి బూడిద మోసే లారీలు ఉన్నాయి ఆయనకు. మిద్దె ఎక్కితే కర్మాగారం పొగగొట్టాలు కనిపిస్తాయి. అయినా ఎండాకాలం ఇంట్లో కరెంటు నిలవదు. షుగరు ముదిరి డాక్టరు ఇన్సులిన్ రాసినప్పుడు, చల్లగా పెట్టమన్న ఒక్క మాటే మామ చెవికెక్కింది. సీసాలన్నీ తెచ్చి ఫ్రిజ్జు పై అరలో ఐసు గడ్డల మధ్య దాచాడు.

సూది వేసుకుంటున్నా షుగరు దిగడం లేదని నన్ను పిలిపించాడు. నేను బళ్లారిలో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. సీసా ఎత్తి చూస్తే లోపల తెల్లటి పలుకులు తేలుతున్నాయి.

"ఇది పెప్టైడు మామా. సన్న పూసల గొలుసు లెక్క. గడ్డ కట్టినా, గట్టిగా ఊపినా గొలుసులన్నీ చుట్టుకోని ముద్దయితాయి. వేడికి తెగిపోతాయి. ఫ్రిజ్జులో కింది అరలో, కదిలించకుండా పెట్టల్ల."

"అంటే మీ అత్త లెక్క అనప్పా. ఏదీ పడదు."

"నా లెక్క అయింటే నీ చేతిలో ఇన్నేండ్లు నిలుస్తాండె!" అంది అత్త వంటింట్లోంచి.

కొత్త సీసాలు వచ్చాయి. మామ ఇన్వర్టరు కొని ఫ్రిజ్జు ఒక్కదానికే కలిపించాడు. కరెంటు పోతే మేమంతా చెమటలో తడుస్తుంటే ఫ్రిజ్జు హాయిగా గుర్రుమనేది. తలుపు తీస్తే చల్లదనం పోతుందని తాళం కూడా వేశాడు. పాలు, పెరుగు, కూరగాయలు బయటికొచ్చేశాయి. ఎవరైనా చల్లటి నీళ్లడిగితే, "సుమ్నే గమ్మునుండండప్పా, మందు పండుకోనుండాది" అనేవాడు.

ఎమ్మిగనూరులో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు సీసాను ఐసు పెట్టెలో, గుడ్డలో చుట్టి, కారు ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టాడు. అత్త, నేను వెనక. కుదుపుకు ముద్దవుతుందని కారును ఎంత మెల్లగా నడిపాడంటే, చెరకు ట్రాక్టర్లు మమ్మల్ని దాటిపోయాయి. చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది.

పెట్టెను పక్కన పెట్టి మామ చేతులు కడుక్కునే లోపల ఎవరో దాన్ని కానుక అనుకుని వేదిక మీద, పెద్ద లైట్ల కింద పెట్టారు. అది చూసి మామ వేదిక ఎక్కి, ఫోటోకు నిలబడ్డ జంట మధ్యలోంచి దూరి కానుకలు తవ్వసాగాడు.

"ఏంది పోయిందప్పా?" అన్నాడు పెళ్లికూతురు తండ్రి.

"గొలుసప్పా! తెగిపోతాది!"

మండపం మొత్తం లేచింది. బంగారం పోయిందని కుర్చీలు ఎత్తారు, చాపలు దులిపారు. "అది మందు, మందులో గొలుసు" అని నేను అరుస్తున్నా వినేవాళ్లు లేరు. ఇంతలో పెట్టె దొరికింది. ఐసు ఇంకా కరగలేదు, సీసా చల్లగానే ఉంది. మామ దాన్ని గుండెకు హత్తుకున్నాడు.

అదే సమయంలో ఒక చాప కింద నిజంగానే బంగారు గొలుసు దొరికింది. పెళ్లికొడుకు పెద్దమ్మ పొద్దున పోగొట్టుకుని, భయానికి ఎవరికీ చెప్పలేదట. ఆమె ఏడుస్తూ మామ చేతులు పట్టుకుంది. "నా మర్యాద కాపాడినావు తండ్రీ. నీకు ఎట్ల తెలిసెనో!"

ఆమె దగ్గరుండి వడ్డిస్తే, మామ పెట్టెను ఒళ్లో పెట్టుకుని భోంచేశాడు.