ఆమె పేరున కెమెరా

జనగామలో స్టూడియో నౌకరీ మానేసి, మహబూబాబాద్‌లో సొంతంగా పెళ్లి ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. కొత్త కెమెరా కొని, కలిసొస్తుందని బిల్లు నా భార్య పేరున రాయించాను. ఆ కెమెరా అమావాస్య చీకట్లో నల్లపిల్లి మీసాలు కూడా లెక్కపెడుతుందని పాలకుర్తి దాకా చెప్పుకున్నాను. ఆమె రోజూ దానికి బొట్టు పెట్టేది.

కెమెరా ఖర్చు చూపించి పన్ను తగ్గించుకుందామని వెళ్తే, లెక్కలు రాసే ఆయన బిల్లు చూసి నవ్వాడు. "అన్నా, దుకాణం నీది, కెమెరా వదినెది. గిట్లయితే పన్ను తగ్గదే."

ఇంట్లో చెప్పాను.

"అయితే గా కెమెరాకు నాకు కిరాయియ్యి!" అందామె.

నాకు నవ్వు రాలేదు. "బిల్లు నా పేరు మీదికి మార్పిస్త."

"మార్పించుకో. గదేమన్న నా పుట్టింటిదా?"

పాత బిల్లు మార్చడం కుదరదన్నాడు కెమెరా అమ్మిన దుకాణదారు. అది ఇప్పటికీ ఆమె పేరునే ఉంది. ఆ రోజు నుంచి కెమెరాకు బొట్టు మాత్రం నేనే పెట్టుకుంటున్నాను.