అక్క పెట్టెలో నేను మార్చిన మాత్ర

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్నది. చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది. దాని బరువు మాత్రం ఏ రోజూ తగ్గలేదు. నా భార్యకు చెప్పలేదు, బావకు చెప్పలేదు. ఎవరితో అబద్ధమాడానో ఆ మనిషికి, మా అక్కకు, అసలే చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు. రేపు ఎక్కడైనా ఎదురుపడినా గుర్తుపట్టరు. బహుశా ఆ ధైర్యంతోనే మీతో చెబుతున్నాను. దాన్ని ధైర్యం అనవచ్చా? నాకు తెలియదు.

నేను ఇంజినీరుని. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటులో పంపుల పని చూస్తాను. ఏ విషయాన్నైనా ఒక వరుసలో పెట్టుకుంటే తప్ప ఆలోచించలేను. ఇదీ వరుసగానే చెబుతాను. మధ్యలో తడబడితే ఓపిక పట్టండి.

మాది కాకినాడ. అక్క నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను ఒమాన్‌కు రప్పించింది ఆమే. సూర్‌లో ఒక స్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పేది. బావ ఉద్యోగం రైసూత్ పోర్టులో, దేశానికి ఆ చివర. వీలు చిక్కినప్పుడు వచ్చి నాలుగు రోజులుండి వెళ్లేవాడు. అందుకని సూర్ ఫ్లాట్‌లో అక్కా నేనే ఉండేవాళ్లం. నా క్యారేజీ ఆమే కట్టేది. చొక్కా కాలరు మురికిగా కనిపిస్తే నన్ను డ్యూటీకి కదలనిచ్చేది కాదు.

అక్కకు రెండుసార్లు గర్భం పోయింది. రెండోసారి తర్వాత నిద్ర కూడా పోయింది. ఊళ్లో డాక్టరు ఆందోళన తగ్గి నిద్ర పట్టడానికి ఒక మాత్ర రాశాడు. కొన్ని వారాలకని మొదలైన ఆ మాత్ర ఏళ్ల తరబడి నడిచింది. ఆ తర్వాత అక్కా బావా మరొక్కసారి ప్రయత్నిద్దామనుకున్నారు. వయసు దాటిపోతోందని అక్కకు లోలోపల భయం. మస్కట్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది నేనే. ముందు ఈ మాత్ర మానుకోవాలని, అయితే ఒక్కసారిగా మానడం ప్రమాదమని ఆమె చెప్పింది. కొంచెం తగ్గించి, కొన్ని వారాలు ఆగి, ఒళ్లు అలవాటు పడ్డాక ఇంకొంచెం తగ్గించాలి. ఆ మధ్యలో నిద్ర చెదిరితే సాయంగా మెలటోనిన్ ఇవ్వవచ్చు. మెలటోనిన్ మన ఒంట్లో చీకటి పడ్డాక తయారయ్యేదేననీ, నిద్రవేళ అయిందని ఒంటికి గుర్తుచేయడం వరకే దాని పని అనీ, పాత మాత్ర స్థానంలో అది నిలబడలేదనీ విడమరిచి చెప్పింది. ఆ మాట నా వైపు చూస్తూ చెప్పింది. ప్రశ్నలన్నీ వేసింది నేనే కదా.

మాత్రల బాధ్యత అక్క నాకే అప్పగించింది. వారానికి సరిపడా గళ్లున్న ప్లాస్టిక్ పెట్టె కొన్నాను. పాత మాత్రను బ్లేడుతో కోసి, డాక్టరమ్మ చెప్పినంత ముక్క ఒక్కో గడిలో పెట్టేవాణ్ని. పక్కనే మెలటోనిన్ ముక్క. రెండూ తెల్లనివే. అక్క వాటివైపు చూడకుండానే నోట్లో వేసుకుని నీళ్లు తాగేసేది. లెక్కల టీచరు తనైతే లెక్క చూసేది వీడు అని బావతో ఫోన్లో నవ్వేది. తగ్గింపులో మొదటి రెండు మెట్లూ బాగానే దిగింది. నిద్ర పలచబడింది గాని పట్టేది. స్కూలు నుంచి వచ్చి పుట్టబోయే పాపాయికి పేర్లు చెప్పి, ఏది బాగుందిరా అని నన్ను అడిగేది.

అప్పుడు నా పెళ్లి మాట వచ్చింది. మస్కట్‌లో స్థిరపడిన కుటుంబం, మా జిల్లావాళ్లే. ఈద్ సెలవుల్లో సూర్ వచ్చి ఇల్లు చూస్తామన్నారు. నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. డాక్టరమ్మ చెప్పిన వేగంతో పోతే అప్పటికి అక్క ఇంకా సగం దారిలోనే ఉంటుంది. పొద్దున్న పూట మందంగా ఉంటుంది. మాత్రల సంగతి ఏదో మాటలో బయటపడుతుంది. ఈ దేశంలో మనవాళ్లు కొద్దిమంది. ఉగాది భోజనాల దగ్గర ఒకరన్న మాట మర్నాటికి దేశం ఆ చివరనున్న సలాలా దాకా పోతుంది. అబ్బాయి అక్కగారు మెంటల్ మాత్రలు వేసుకుంటారట అని ఎవరో అంటున్నట్టు ముందే వినిపించేది. నిజానికి ఎవరూ అనలేదు. ఆ మాట పుట్టింది నా బుర్రలోనే.

మా ప్లాంటులో ఒక పంపు ఆపాలంటే, పక్కనున్న స్టాండ్‌బై పంపును ముందు నడిపించి దీన్ని ఆపుతాం. నీటి ధార తెగదు. మెలటోనిన్‌ను నేను స్టాండ్‌బై పంపు అనుకున్నాను. అది నడుస్తుండగా పాత మాత్రను ఒకేసారి ఆపేస్తే ఈద్ నాటికి అక్క తేరుకుంటుందని లెక్క వేశాను. డాక్టరమ్మ మాట మరిచిపోయానా? లేదు, బాగా గుర్తుంది. ఆవిడది అతి జాగ్రత్త అనుకున్నాను. ఇది తెలియక చేసిన పని అని మీకనిపిస్తే దయచేసి నమ్మకండి. తెలియకే అయితే అక్కకు చెప్పి చేసేవాణ్ని.

ఒక శుక్రవారం పెట్టె నింపుతూ, పాత మాత్ర ఉండాల్సిన చోట కూడా మెలటోనిన్ ముక్కే పెట్టాను. అన్ని గళ్లలోనూ.

కొన్ని రోజులకే అక్క మారిపోయింది. మెలటోనిన్‌తో కళ్లు మూతపడేవి, కాసేపటికే ఉలిక్కిపడి లేచేది. ఏసీ గదిలో చెమటలు పట్టేవి. గరిటె గిన్నెకు తగిలిన చప్పుడుకు చెవులు మూసుకునేది. స్కూల్లో బోర్డు మీద ఒక భాగహారం మొదలుపెట్టి సగంలో ఆగిపోయిందట. పిల్లలు చూస్తుండగా ఏడ్చిందట. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతున్నప్పుడు సిగ్గుతో నా ముఖం చూడలేదు. నేనూ ఆమె ముఖం చూడలేదు. ఇంకొన్ని రోజులు, సర్దుకుంటుంది అనుకున్నాను. ఎవరి కోసం అలా అనుకున్నాను?

అప్పుడే అక్క నన్ను సూటిగా అడిగింది. సెలవురోజు, వంటింట్లో వంజరం చేప కడుగుతోంది. చేతులు వణికి కత్తి జారింది. మళ్లీ తీసుకోలేదు. సింకు అంచు పట్టుకుని నిలబడింది.

"ఒరే చిన్నోడా, నిజం చెప్పు. మాత్రల్లో ఏమన్నా మార్చావా?"

"లేదక్కా. డాక్టరమ్మ చెప్పినట్టే పెడుతున్నాను."

"నువ్వు లెక్క తప్పవులే. అమ్మ కడుపులోంచే స్కేలు పట్టుకుని పుట్టావు." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అయితే మందుది కాదురా తప్పు. నాదే. నాలోనే ఏదో చెడిపోయింది."

నిజం చెప్పడానికి నాకు అక్కడ చోటు దొరికింది. ఆమె ఆగింది కూడా. కుళాయి నీళ్లు చేప మీద పడుతూనే ఉన్నాయి. నేను కట్టేసి, చేప నేను కోస్తాలే, నువ్వు కూర్చో అన్నాను. ఆమె నా తల నిమిరింది. ఆ చేప పులుసు ఇద్దరం తిన్నాం.

పెళ్లివాళ్లు వచ్చారు. అక్క ఆ రోజు ఎలా నిలబడిందో నాకు తెలియదు. పట్టుచీర కట్టింది, పులిహోర చేసింది, నా గురించి గొప్పగా చెప్పింది. వాళ్లకు నాకంటే అక్కే ఎక్కువ నచ్చింది. సంబంధం కుదిరింది.

వాళ్లు వెళ్లాక భయపడ్డాను. అవును, వెళ్లాకే. డాక్టరమ్మకు ఫోన్ చేసి అక్క తట్టుకోలేకపోతోందని మాత్రమే చెప్పాను. చెప్పిన మోతాదే ఇస్తున్నారా అని అడిగింది. అవునన్నాను. అయితే వెనక్కి వెళ్లి, పాత మోతాదులోనే కొంతకాలం ఆగమంది. అసలు మాత్ర మళ్లీ పెట్టెలోకి వచ్చింది. కొద్ది రోజుల్లో అక్కకు నిద్ర పట్టింది, చేతుల వణుకు తగ్గింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ కోలుకోవడాన్ని అక్క మరోలా అర్థం చేసుకుంటుందని నాకు తట్టలేదు.

తగ్గించుకుంటూనే, సక్రమంగా మందు వేసుకుంటూనే తన బుర్ర అలా కూలిపోయిందని ఆమె అనుకుంది. మోతాదు పెంచితేనే మళ్లీ మనిషినయ్యానని అనుకుంది. లెక్కల మనిషి కదా. నేను చేతికిచ్చిన అంకెలు తప్పు, ఆమె చేసిన లెక్క తప్పు కాదు. బావ వచ్చినప్పుడు నా ఎదుటే చెప్పింది, ఇక పిల్లల మాట వద్దని. పిల్లవాడు లేచి ఏడ్చిన పూట తను అలా అయిపోతే ఎవరు చూస్తారని అడిగింది. నీ ఇష్టమే నా ఇష్టం అన్నాడు బావ. ఆ ఏడాదే అక్క ఉద్యోగం మానేసి రైసూత్ వెళ్లిపోయింది. మాత్ర ఇప్పటికీ వేసుకుంటోంది. వయసు నలభై దాటింది.

నాకు కూతురు పుట్టినప్పుడు చూడటానికి వచ్చింది. పసిపిల్లను నిలబడి ఎత్తుకోలేదు. నేల మీద పరుపు వేయించుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, నా భార్యను పక్కన ఉండమని, అప్పుడు ఒళ్లోకి తీసుకుంది. నా చేతుల మీద నాకు నమ్మకం లేదమ్మా అంది, మామూలుగా, వంటలో ఉప్పు గురించి చెప్పినట్టు. నేను మంచినీళ్ల నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇప్పుడు చెప్పి ఏం లాభం అని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. ఆ వయసు తిరిగి రాదు, నిజం తెలిస్తే రెండోసారి పోగొట్టుకున్నట్టు అవుతుంది, ఆమెను కాపాడుతున్నాను అని. వినడానికి బాగానే ఉంటుంది. మరి ఆ చేతుల సంగతి? అవి మంచి చేతులని ఈ ప్రపంచంలో ఖాయంగా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. చెప్పకుండా ఉన్న ప్రతి పూటా ఆమె తనను తాను అనుమానించుకుంటూనే ఉంది. అంటే నేను చేసిన తప్పు ఐదేళ్ల కిందటిది కాదు. ఈ రోజుదీ. ఆమె ఒడిలో లేని బిడ్డ ఒక్కటే కాదు, ఆమెకు తన మీద లేని నమ్మకం కూడా నేను లాక్కున్నదే.

ఆమె నన్ను క్షమిస్తుంది. నా భయం అదే. వెంటనే క్షమిస్తుంది, నా తల నిమురుతుంది, నువ్వు తిన్నావా అని అడుగుతుంది. అది నేను భరించగలనా?

చెబుతానని మీకు మాట ఇవ్వలేను. ఇచ్చి తప్పితే ఇంకో అబద్ధం చేరుతుంది. ఒక్క పని మాత్రం చేయగలను. ఇన్నేళ్లలో మనసులో కూడా పూర్తిగా అనుకోలేకపోయిన మాట ఇక్కడ రాయగలను. అక్కలో ఏ లోపమూ లేదు. ఆమె మందు నేను తీసేశాను. నా పెళ్లి కోసం తీసేశాను. అడిగితే లేదన్నాను.

రాశాను. మళ్లీ ఒకసారి చదువుకున్నాను. ఒక్క అక్షరం కూడా కొట్టేయాలనిపించడం లేదు.