ఉమ్మడి గానుగ, బర్మా లెక్క

జపాను వాళ్లు బర్మాలోకి వచ్చిన ఏడు, ఎండాకాలం చివర్లో మా మేనమామ మా ఇంటికి వచ్చాడు. పన్నెండేళ్లు అక్కడి చమురు బావుల దగ్గర పనిచేసిన మనిషి. బావుల్లోంచి తీసిన చమురును పెద్ద పెద్ద ఇనుప తొట్లలో పోస్తారట. వాటిలో కడ్డీ ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో చూసి బుక్కులో రాయడం ఆయన పని. అడవులూ కొండలూ దాటి నడిచొచ్చాడు. కాళ్ల వాపు తగ్గడానికే నెల పట్టింది. మా అమ్మ అప్పటికే పోయింది గనక, మల్దకల్ దగ్గర మా అత్తవారి ఊళ్లో నా దగ్గరే ఉండిపోయాడు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మా ఆయన రాయచూరులో పత్తి మిల్లు పనికి పోయాడు. ఇంట్లో నేను, మా అత్త. పక్కింట్లో మా చిన్నత్త, అంటే మా మామగారి తమ్ముడి భార్య. ఇద్దరూ భర్తలు పోయినవాళ్లే. మిగతా భూములు పంచుకున్నా, కుసుమలు పండే చేనూ గానుగా మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నారు. సగం నీది, సగం నాది. ఆడించిన నూనె ఒకటే బానలో పోసేవారు. ఎవరికి బేరం తగిలితే వాళ్లు తీసి అమ్ముకునేవారు. చదువొచ్చిన కోడల్ని గనక లెక్క నేను రాసేదాన్ని. ఎవరు అమ్మితే డబ్బు వాళ్ల కింద రాయడం, అంతే.

ఆ ఏడు యుద్ధం వల్ల లాంతర్లలోకి గ్యాస్‌నూనె దొరకలేదు. జనం మళ్లీ ప్రమిదలు తీసి కుసుమ నూనె పోసుకున్నారు. గద్వాల బేరగాళ్లు మా వాకిట్లోకే వచ్చారు. ఆ రోజుల్లోనే చిన్నత్త కూతురి కాన్పు కోసం బిజినేపల్లి వెళ్లింది. రెండు నెలలకు తిరిగొచ్చి బాన మూత తీస్తే అడుగు కనబడింది.

"అక్కా, నా పాలు ఏది?"

"బేరమొచ్చింది, అమ్మిన. నువ్వుంటివా ఈడ?" అంది అత్త.

"నేను లేకుంటె నా నూనె నీదైతదా?"

"గానుగ తిప్పిచ్చింది నేను. బేరమాడింది నేను. పుస్తకంల సూడు, ఎవరి పేరున ఉందో!"

నేను పుస్తకం తెరిచాను. ఆ రెండు నెలల్లో నలభై శేర్లు అమ్మినట్టు ఉంది. నలభై శేర్ల డబ్బూ అత్త కిందే ఉంది. రాసింది నేనే. చిన్నత్త పుస్తకం మూసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అరిచి ఉంటే అంత బాధ కలిగేది కాదు.

మరునాడు మా మేనమామను అడిగాను. "మామా, మీ చమురు బావి ఇద్దరిదైతే ఎట్ల రాసేటోళ్లు?"

ఆయన కళ్లు వెలిగాయి. వచ్చినప్పటి నుంచి ఆయన్ను నడక గురించే అందరూ అడిగారు గానీ, పని గురించి ఎవరూ అడగలేదు.

"రెండు తీర్లున్నయి బిడ్డా. చమురు తీసుకపోను ఒక కంపెనీ పడవ ముందొస్తది, ఇంకోదానిది ఆలస్యమైతది. ముందొచ్చినోడు తన పాలు కన్న ఎక్కువ నింపుకపోతడు. ఒక తీరుల, అమ్మిందంత నీ రాబడే అని రాసుకోవచ్చు. కాని ఎదుటోడి పాలు ఎంత తీసినవో పక్కన గుర్తు పెట్టుకోవాలె. బావిల ఇంక చమురుంటె రేపు వాడు ఎక్కువ తీసుకుంటడు, సరిపోతది."

"రెండోది?"

"చేతికి నలభై శేర్ల పైసలొచ్చినా, నీ పాలు ఇరవయ్యే రాబడి. మిగిలిన ఇరవై బాకీ."

"ఏది సరైంది?"

"రెండూ సరైనవే. ఈ ఏడు ఇదీ, వచ్చే ఏడు అదీ అనొద్దు, గంతే."

నేను మొదటి తీరులో సగమే రాశానని అప్పుడు తెలిసింది. పక్కన పెట్టాల్సిన గుర్తు పెట్టలేదు. ఆ రోజే రెండో తీరు పట్టుకుని, అత్త పేరు కింద ఇరవై శేర్లు కొట్టేసి, చిన్నత్తకు బాకీ అని రాశాను. అత్త రెండు పూటలు నా చేతి అన్నం తినలేదు.

అత్త డబ్బిస్తానంటే చిన్నత్త ఒప్పుకోలేదు. "నూనె తీసినవ్, నూనె ఇయ్యి." ధర రోజురోజుకూ పెరుగుతోందని ఆమెకు తెలుసు. మామ వెదురు పుల్లకు శేరు శేరుకూ గాటు పెట్టి ఇచ్చాడు. గానుగ ఆడినప్పుడల్లా పుల్ల ముంచి, బాకీ కింద కొంత చిన్నత్తకు ముందే తీసి పెట్టేదాన్ని. పద్నాలుగు శేర్లు తీరేసరికి ఆ ఏటి కుసుమలు అయిపోయాయి. ఆరు శేర్లు మిగిలాయి.

"నేను అమ్మిన నాటి ధర ఇస్త," అంది అత్త.

"ఇయ్యాల్టి ధర ఇయ్యి," అంది చిన్నత్త.

మామ వైపు తిరిగాను. "ఆడ ఏం చేసేటోళ్లు?"

"ముందే కాయితం రాసుకునేటోళ్లు. రాసుకోకుంటె వకీళ్లు బతికేటోళ్లు."

వకీలు మా తాహతుకు మించినవాడు. చివరికి నేనే చెప్పాను, అమ్మిన నాటి ధరేనని. అత్త చేతికి వచ్చింది అంతే కదా. చిన్నత్త డబ్బు తీసుకుంది గానీ పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు తానే వచ్చి, "ఇగ నుంచి ముందే రాయి, కోడలా," అంది. ఎక్కువ తీసినవాళ్లు నూనే ఇవ్వాలి. నూనె లేకపోతే అమ్మిన నాటి ధర ఇవ్వాలి. అలా రాసి ఇద్దరి వేలిముద్రలూ తీసుకున్నాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మామ కొత్త సంగతి చెప్పాడు. బావిలోంచి చమురుతో పాటు గాలి కూడా వస్తుందట.

"గాలంటె?"

"గ్యాసు. కంటికి కనబడదు, నిప్పు తగిలితె అంటుకుంటది. కొంత బాయిలర్ల కింద మండిచ్చేటోళ్లు. మిగిలింది గొట్టం కొసకు కాల్చేసేటోళ్లు. కొనేటోడు లేడు గద."

"మరి పుస్తకంల ఎట్ల రాసేటోళ్లు?"

"అమ్మకాల పుస్తకంల రాయరు. అమ్మనిది అమ్మకం ఎట్లయితది?"

అంత మంట మండుతూ ఉంటే, దానికి ఒక్క వరుస కూడా ఉండదా అనిపించింది. నూనె దిగాక మిగిలే గింజల పిప్పి, అదే చెక్క, మా ఎడ్లు తినేవి. దాన్నీ నేనెప్పుడూ రాయలేదు. ఆ సాయంత్రం చెక్క తూచి, ఇంత వచ్చింది, ఎడ్లు తిన్నాయి అని రాసి, డబ్బుల చోటు ఖాళీగా వదిలాను.

మామ చూసి నవ్వాడు. "ఇట్ల రాసేటోళ్లను ఏ కంపెనీల చూడలె బిడ్డా."