స్వామి బొమ్మ ఉన్న రిపోర్టులు

శ్రీనివాసా, శరణు. గుండె అదురుతున్నప్పుడు కూడా నాలుక మీద నీ నామం నిలిపినందుకు నీకు వేల దండాలు. నీ బొమ్మను కాపాడబోయి ఒక మనిషిని ప్రమాదంలోకి నెట్టినదాన్ని. ఈ మాటలు నీ పాదాల దగ్గర పెట్టి మొదలుపెడుతున్నాను.

వరంగల్‌లో, ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో, రహస్య కాగితాలను ముక్కలు చేసే చిన్న సంస్థలో నేను పనిచేసేదాన్ని. బ్యాంకులు, ఆసుపత్రులు, ల్యాబులు తమ పాత కాగితాలను తాళం వేసిన పెట్టెల్లో పంపేవి. మేం వాటిని మెషీన్‌లో వేసి, అన్నీ నాశనమయ్యాయని సంతకం పెట్టి ఇచ్చేవాళ్లం. చదవకూడదు, బయటికి తీసుకుపోకూడదు. మా సార్ మొదటిరోజు చెప్పినవి ఈ రెండే.

ఒకరోజు రక్తపరీక్షల ల్యాబు పెట్టె వచ్చింది. ప్రతి రిపోర్టు నెత్తిన వేంకటేశ్వరస్వామి బొమ్మ. కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇల్లు మాది. సత్సంగంలో ఏళ్ల తరబడి పురాణం చదువుతున్నదాన్ని, స్వామి ముఖాన్ని బ్లేడ్ల కిందికి ఎలా తోసేది? ఒక కట్టను టిఫిన్ సంచిలో దాచాను. బొమ్మలు కత్తిరించి పారే నీళ్లలో వదలాలని, మిగతా కాగితాన్ని మర్నాడు మెషీన్‌లో వేయాలని అనుకున్నాను. సంతకం మాత్రం ఆ రోజే పెట్టేశాను.

ఇంట్లో కత్తిరిస్తుంటే, బొమ్మ కింద ఒక పేరు కంటబడింది. భజనలో నా పక్కన కూర్చుని నాతోపాటు తాళాలు వాయించే పిల్ల, రెండు వీధుల అవతల పవర్‌లూమ్ ఇంటి కోడలు. కింద హెచ్ఐవి పాజిటివ్ అని ఉంది. అత్తింట్లో ఎవరికీ తెలిసి ఉండదు. తెలిస్తే ఆమె ఇంకా ఆ ఇంట్లో ఉండేది కాదు. కట్టను మంచం కిందికి తోసి, కూరగాయలకని బయటికి పోయాను.

తిరిగి వచ్చేసరికి మంచం కింద ఏమీ లేదు.

"అత్తమ్మా, ఈడ కాయితాలుండాలె, ఏవి?"

"బొమ్మలు తీసుకుంటివి గదా. మిగిలినయి బజ్జీల బండాయనకు ఇచ్చిన. ఉత్తగ పడేసుడెందుకు?"

చెప్పుల్లేకుండా మూలమలుపు దాకా పరుగెత్తాను. బండి దగ్గర ఒకాయన పొట్లం విప్పి, అందరికీ వినిపించేలా చదువుతున్నాడు.

"అన్నా, నీ బజ్జీలకు షుగర్ మూడొందలున్నదట, జర దవాఖానకు పోయిరా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను బండాయన ముందు చేయి చాపాను.

"అన్నా, ఆ కాయితాలు నాయి. ఇచ్చెయ్."

"కాయితాల కోసం గింత ఉరుకుడా అక్కా? కారం ఎక్కువైందని కొట్లాటకొస్తానవనుకున్న," అన్నాడు బండాయన, మిగిలినవి చేతిలో పెడుతూ.

ఒక్కొక్కటీ తిరగేశాను. ఆమెది లేదు.

"ఎవరెవరు కొనుక్కపోయిండ్రన్నా?"

"గిరాకిల మొఖాలు సూస్తనా? అగో, ఇప్పుడే మగ్గాలింటి అవ్వ ఓ పొట్లం కట్టించుకున్నది."

ఆ అవ్వ ఆ పిల్ల అత్త.

వాళ్లింటికి చేరేసరికి అవ్వ గడప మీద కూర్చుని ఉంది, ఒళ్లో పొట్లం. ఆమెకు చదువు రాదు. లోపల మగ్గం దగ్గరున్న కొడుక్కు వచ్చు.

"దా బిడ్డా, బజ్జీ తింటవా? అగో, ఇయ్యాల ఏకాదశి గదనే, నీకు ఉపాసం గాదా?"

"ఆకలైతాంది చిన్నమ్మా."

పక్కన కూర్చుని ఒకటి తిన్నాను. ఇంకొకటి, మరొకటి. అడుగున కాగితం కనిపించాలి కదా.

"మస్తు భక్తురాలివే! బజ్జీ వాసనకే దేవుణ్ని మరిచినవ్," అని అవ్వ పగలబడి నవ్వింది.

నూనెలో తడిసిన అక్షరాలు బయటపడ్డాయి. ఎవరో తెలియని మగమనిషి షుగర్ రిపోర్టు. ఆమెది కాదు. అంతలో ఆ కోడలే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఏందక్కా, కండ్లల్ల నీళ్లు గట్ల కారుతానయ్?"

"కారం, చెల్లె."

మర్నాడు సార్‌కు అంతా చెప్పాను. ఆయన మిగిలిన కట్టను నా ముందే మెషీన్‌లో వేసి, ల్యాబుకు ఫోన్ చేసి, నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఆ పనికి మళ్లీ పోలేదు.

ఆ పిల్లకు చెప్పడానికి ఎక్కువ భయపడ్డాను. భజన అయ్యాక, అందరూ వెళ్లేదాకా ఆగి చెప్పాను. ఏడవలేదు, తిట్టలేదు.

"ఎవ్వలు సూసిండ్రక్కా?"

"తెల్వదు చెల్లె."

నేను చెప్పగలిగింది అంతే. అప్పటినుంచి ఆమె నా పక్కన కూర్చోదు. గోడకు ఆనుకుని కూర్చుంటుంది, వెనక ఎవరూ ఉండకుండా. ఎవరైనా ఇద్దరు గుసగుసలాడితే ఆమె చేతిలో తాళాలు ఆగిపోతాయి. నావీ ఆగిపోతాయి.

ఇది చదివినవాళ్లు ఒక్క నిమిషం నాతో పాటు చేతులు జోడించండి. ఆ కాగితం ఏ పొయ్యిలోనో ఈసరికే బూడిదై ఉండాలని, ఆ ఇంటి గడప దాకా రాకూడదని స్వామిని అడగండి. ఆమె పేరు నేను చెప్పను. మీరూ అడగకండి. పేరు లేకుండానే మొక్కండి, ఆయన వింటాడు.